కుక్కకు పిడుదుల మందు ఎలా వేయాలి: ఒంటికి సగం, ఇంటికి సగం

చదవడం ఒక్క నిమిషం ఆపి మీ కుక్కని దగ్గరకి పిలవండి. చెవి పట్టుకుని లోపలి మడత తిప్పి చూడండి, ముందు కాళ్ల వేళ్ల సందులు ఒక్కొక్కటే విడదీసి చూడండి, మెడలో బెల్టు ఉంటే అది తీసి కింద చర్మం తడమండి, చంకలు, తోక మొదలు కూడా వదలొద్దు. కంటికి కనపడకపోయినా వేలికి తగులుతుంది, చిన్న గింజలాగా. రక్తం తాగనిది నువ్వు గింజంత ఉంటుంది, గోధుమ రంగులో చర్మానికి అతుక్కుపోయి. కడుపు నిండా తాగి ఉబ్బిన ఆడది బూడిద రంగులో నున్నగా, అచ్చం ఆముదం గింజలా ఉంటుంది. కొన్ని ఊళ్లలో గోమారి అంటారు, సిటీలో అందరూ టిక్స్ అంటున్నారు. నేను పిడుదు అనే రాస్తాను.

మా నల్లోడు ఊర కుక్క, పేరుకి తగ్గట్టే నల్లగా ఉంటాడు కాబట్టి ఒంటి మీద ఏం పాకుతున్నా కనపడదు. మూడేళ్ల కిందట వానలు వెనకపట్టాక వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తెల్లారి చూస్తే వరండాలో వాడు పడుకున్న చోట టైల్స్ మీద రక్తపు చుక్కలు, ముక్కు ఒక పక్క నుంచి కారుతోంది. డాక్టర్ రక్త పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి, ఎర్లిఖియా అన్నారు, అంటే పిడుదు కాటు వల్ల వచ్చే జ్వరం. 28 రోజులు డాక్సీసైక్లిన్ వేశాం, వాడు బతికాడు. అంతకు నెల పైన ముందు నేను వాడికి పిడుదుల మందు వేశాను. పిడుదులు రాలిపోయాయి, ఇక పీడ పోయిందనుకుని మళ్లీ ఆ సంగతే ఎత్తలేదు. వాడు జ్వరంతో పడి ఉన్న ఆ వారంలోనే ఒక రాత్రి కరెంటు పోయి టార్చి వేస్తే, గుమ్మం పక్కన గోడ మీద గింజల్లాంటివి నింపాదిగా పైకి పాకుతూ కనిపించాయి. గోడకున్న క్యాలెండర్ ఎత్తి చూశాను. మేకు దిగిన చోట సున్నం కొంచెం ఊడి చిన్న గుంట పడింది, ఆ గుంటలో అవి ఒకదాని మీద ఒకటి గుత్తిగా ఉన్నాయి.

ఆ రాత్రే నాకు అర్థమైంది, నేను మందు వేసింది సగం చోటుకే అని.

పిడుదు కుక్క మీద కాపురం ఉండదు, అన్నానికి మాత్రమే వస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఆరు కాళ్లుంటాయి. అది కుక్క మీదికెక్కి కొన్ని రోజులు రక్తం తాగి కిందకి దిగిపోతుంది, ఏ పగుల్లోనో దాక్కుని చర్మం వదులుతుంది, ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది, పెద్దదయ్యాక మూడోసారి ఎక్కుతుంది. చివర్లో ఉబ్బిన ఆడది రాలిపడి గోడ సందులోకి పాకి ఒకే విడతలో వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మన ఎండలకి ఈ తంతు మొత్తం రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది. కుక్క దొరక్కపోతే పెద్ద పిడుదు ఏమీ తినకుండా నెలల తరబడి గోడలోనే ఉండగలదు. కాబట్టి ఏ రోజైనా సరే మీ కుక్క ఒంటి మీద ఉన్నవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లో, కెన్నెల్‌లో, గోనె సంచి మడతల్లో ఉంటాయి. కుక్కకీ ఇంటికీ కలిపి మందు వేయాలి, మూడు నెలలైనా ఆపకుండా వేయాలి. దీన్ని ఎలా చేయాలో చెప్తాను.

మొదట కుక్కని తూకం వేయండి. "ఆ, ఓ ఇరవై కిలోలుంటుంది" అని అంచనాగా కొనొద్దు, ప్రతి మందూ బరువు లెక్క మీదే ఉంటుంది. బాత్రూమ్ తూకం మిషన్ మీద కుక్కని ఎత్తుకుని నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి, తేడా రాసుకోండి. ఎత్తలేనంత పెద్దదైతే పశువుల ఆసుపత్రిలో తూచమని అడగండి. వయసు కూడా రాసుకోండి. ఎనిమిది వారాలు నిండని పిల్లకి ఈ మందుల్లో చాలావరకు పనికిరావు, దానికి దువ్వెనా, ప్లక్కర్‌తో చేత్తో తీయడమే మంచిది. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా, షుగర్ ఉన్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉన్నా ఆ మాట డాక్టర్‌కి చెప్పకుండా ఏ మందూ కొనకండి. కాలీ, షెట్‌లాండ్ లాంటి జాతి కుక్క అయితే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ విషయంలో మరీ జాగ్రత్త, వాటిలో చాలా కుక్కలకి పుట్టుకతోనే ఆ మందు మెదడుకి ఎక్కేస్తుంది. అసలు పిడుదులకి ఐవర్‌మెక్టిన్ నమ్మదగ్గ మందు కూడా కాదు. మన దగ్గర అలవాటు కొద్దీ వేసేస్తుంటారు, ఎందుకు వేస్తున్నారో ఒక మాట అడగండి.

తర్వాత మందు ఎంచుకోవాలి. షాపులో పది రకాలుంటాయి కానీ పని చేసే తీరు చూస్తే నాలుగే.

మెడ మీద వేసే చుక్కల మందు, స్పాట్ ఆన్ అంటారు. ఎక్కువగా ఫిప్రోనిల్ ఉంటుంది. చర్మం మీది నూనెతో కలిసి ఒళ్లంతా పాకుతుంది, నెల రోజులు పని చేస్తుంది. పది కిలోల లోపు కుక్కకి 0.67 మి.లీ., పది నుంచి ఇరవై కిలోలకి 1.34, ఇరవై నుంచి నలభైకి 2.68, ఇలా వేర్వేరు గొట్టాలొస్తాయి. పెద్ద గొట్టం ఒకటి కొని రెండు చిన్న కుక్కలకి పంచే పని పెట్టుకోకండి, ఏ కుక్కకి ఎంత పడిందో తెలీదు. వేసే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. వెంట్రుకల మీద పోస్తారు, అది అక్కడే ఎండిపోతుంది. భుజాల మధ్య, నాకితే నాలుక అందని చోట, వెంట్రుకల్ని రెండు పక్కలకి పాయ తీసినట్టు విడదీసి, తెల్లగా చర్మం కనపడ్డాక గొట్టం మూతి చర్మానికి ఆనించి నొక్కాలి. వేయడానికి రెండు రోజుల ముందు నుంచి, వేశాక రెండు రోజుల దాకా స్నానం వద్దు. షాంపూతో రుద్ది, తుడిచి, వెంటనే మందు వేస్తే చర్మం మీద నూనే ఉండదు, మందు పాకడానికి దారి ఉండదు. నేను మొదట్లో చేసింది ఇదే.

కాలర్. ఫ్లూమెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిపినవి ఎనిమిది నెలల దాకా పని చేస్తాయి, డెల్టామెత్రిన్ వేసినవి కూడా నెలల పాటు వస్తాయి. ఖరీదుగా అనిపిస్తుంది కానీ నెలనెలా మర్చిపోయేవాళ్లకి ఇదే నయం. మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులైతే చర్మానికి తగలదు, బిగుతైతే పుండు పడుతుంది. మిగిలిన కొస కత్తిరించి పారేయండి, లేకపోతే పక్క కుక్క నమిలేస్తుంది. కాలర్ కట్టిన మెడని చిన్న పిల్లలు గంటల తరబడి కౌగిలించుకుని పడుకుంటారు కొన్ని ఇళ్లలో, అలాంటి ఇంట్లో కాలర్ బదులు మాత్రే మేలని నా ఉద్దేశం.

నమిలే మాత్రలు. ఫ్లూరలానర్ అయితే పన్నెండు వారాలు, అఫాక్సోలానర్ అయితే నెల రోజులు. పిడుదు కరిచి రక్తం తాగితేనే చస్తుంది, అందుకని మాత్ర వేశాక కూడా కుక్క మీద పిడుదు కనపడుతుంది, కంగారు పడకండి, ఒకటి రెండు రోజుల్లో ఎండిపోయి రాలిపోతుంది. తడి, స్నానం, వాన, ఏవీ దీన్ని చెడగొట్టవు. ఫిట్స్ ఉన్న కుక్కకి మాత్రం ఈ రకం వద్దు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే ఈ విషయంలో హెచ్చరిక ఇచ్చింది.

నాలుగోది కడిగే మందు, అమిట్రాజ్. ఊళ్లలో ఎక్కువమంది వాడేది ఇదే, చవకగా వస్తుంది, పని కూడా బాగా చేస్తుంది. కుక్కలు ఎక్కువ ఇబ్బంది పడేది కూడా దీంతోనే, ఎందుకంటే సీసా మూతతో అందాజుగా పోసేస్తారు. కాబట్టి దీని గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను.

సీసా మీద 12.5 శాతం అని ఉందా లేదా ముందు చూడండి. ఆ బలమున్న మందు పిడుదులకైతే లీటరు నీళ్లకి 2 మి.లీ. కలపాలి, అంటే 5 లీటర్ల బకెట్టుకి 10 మి.లీ. సీసా మీద బలం వేరేగా ఉంటే ఈ లెక్క పనికిరాదు, కాగితం మీద ఏముందో అదే చేయండి. సూది తీసేసిన సిరంజితో కొలవండి. అంతకు ముందే కుక్కని మామూలు షాంపూతో కడిగి, మట్టీ జిడ్డూ పోయాక కాస్త ఆరనివ్వండి. కళ్ల చుట్టూ కొంచెం వాజ్‌లీన్ రాయండి. గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట, వరండాలోనో పెరట్లోనో, ఎండ మండిపోని వేళ చూసి, స్పాంజితో మెడ నుంచి కిందకి తడుపుతూ రండి, వేళ్ల సందులు, చెవుల బయటి వైపు, తోక కింద అన్నీ. చెవి రంధ్రంలోకి, కంట్లోకి, నోట్లోకి పోనివ్వద్దు. పుండు, గజ్జి, గీరుకుపోయిన చర్మం ఉంటే ఆ రోజు ఈ పని పెట్టుకోకండి. తడిపాక మళ్లీ నీళ్లతో కడగకూడదు, తువ్వాలుతో తుడవకూడదు, దానంతటదే ఆరాలి, ఆరే దాకా అది ఒళ్లు నాక్కోకుండా మీరు పక్కనే కూర్చోవాలి. అరగంటో గంటో పడుతుంది, ఆ సేపు దాన్ని వదిలి ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్లొద్దు. ఆ రోజంతా కాస్త మగతగా ఉండటం మామూలే. నిలబడలేకపోతే, పిలిచినా లేవకపోతే, వాంతులైతే, ఒళ్లు చల్లబడితే వెంటనే సబ్బు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లాలి, సీసా కూడా పట్టుకెళ్లండి, దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది. షుగర్ ఉన్న కుక్కకి, చివావా లాంటి బుల్లి కుక్కకి, నాలుగు నెలల లోపు పిల్లకి అమిట్రాజ్ వద్దే వద్దు. ఇంట్లో షుగర్ మందులు వాడేవాళ్లు, డిప్రెషన్‌కి మాత్రలు వేసుకునేవాళ్లు ఉంటే ఈ పని వేరే వాళ్లకి అప్పజెప్పండి. మిగిలిన నీళ్లు దాచుకోకండి, రేపటికి పనికిరావు. డ్రైనేజీలోనో చెరువులోనో పోయకుండా, బావికి దూరంగా గుంట తీసి పోయండి.

నాలుగింటిలో ఒకటే ఎంచుకోండి. కాలరూ కట్టి, చుక్కలూ వేసి, అమిట్రాజ్‌తో కూడా కడిగితే తొందరగా పోతాయనుకుంటారు, కానీ పిడుదుల కంటే ముందు కుక్కకే ప్రాణం మీదికొస్తుంది. రెండు కలపాల్సిన అవసరం ఉంటే అది డాక్టర్ చెప్పాలి.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక మాట. కుక్కలకి వేసే పెర్‌మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం, కొంచెం తగిలినా వణుకుడు, ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. అమిట్రాజ్ కూడా పిల్లికి పడదు. కుక్కకి వేశాక ఆరే దాకా రెండింటినీ వేరు గదుల్లో పెట్టండి.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద సంగతి. పొలం మందు కుక్కకి వేయకండి. మా వైపు పత్తి, మిర్చి చేలు ఎక్కువ, ప్రతి ఇంట్లో పశువుల పాక దూలం మీద సగం వాడిన సీసా ఒకటుంటుంది. "అన్నా, ఒక్క మూత కలిపి పోయి, దెబ్బకి పిడుదు అన్నది ఉండదు" అని మంచికే చెప్తారు. నిజంగానే పిడుదు ఉండదు, చాలాసార్లు కుక్క కూడా ఉండదు. మోనోక్రోటోఫాస్ లాంటివి చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి దిగిపోతాయి, పైగా కుక్క నాక్కుంటుంది. మా వీధి చివర ఇంట్లో ఒక పిల్ల కుక్కకి ఇలాగే పోశారు. నేను వెళ్లేసరికి నోట్లోంచి నురగ, కాళ్లు కొట్టుకుంటున్నాయి, కళ్లలో నల్లగుడ్డు మధ్య చుక్క సూది మొనంత అయిపోయింది. సబ్బు పెట్టి కడిగి ఆటోలో ఎక్కించాం, దారిలోనే పోయింది. నురగ, వణుకు, విరేచనాలు, చిన్నబడిన కంటిపాపలు, ఈ లక్షణాలు చూస్తే పెరుగు పోయడం, ఉప్పు నీళ్లు తాగించి కక్కించడం లాంటివి చేయకండి, గ్లవ్స్ వేసుకుని సబ్బుతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తండి, వాళ్ల దగ్గర అట్రోపిన్ ఉంటుంది. గమాక్సిన్ పొడి చల్లడం, కిరోసిన్ పూయడం, ఫినాయిల్‌తో కడగడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. పశువుల వీపు మీద పోసే మందులు కూడా కుక్కకి పోయొద్దు, ఎద్దు బరువెక్కడ, కుక్క బరువెక్కడ. వేపనూనెని నమ్ముకుని కూర్చోకండి, ఒళ్లంతా పిడుదులు పట్టిన కుక్కకి అది చాలదు.

మందు వేశాక కూడా కళ్లకి కనపడ్డవాటిని చేత్తో తీసేయడం మంచిది, ఎర్లిఖియా క్రిమి కాటు పడ్డ కొన్ని గంటల్లోనే ఎక్కగలదు కాబట్టి చచ్చేదాకా చూడొద్దు. కనుబొమ్మలు తీసుకునే ప్లక్కర్ సరిపోతుంది. పిడుదు పొట్ట దగ్గర కాదు, చర్మంలోకి దిగిన మూతి దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. లాగే ముందు అది పిడుదేనా అని ఒకసారి చూడండి, పొట్ట కింద చనుమొనల్ని, పులిపిర్లని పిడుదులనుకుని గుంజేసి రక్తం కళ్లచూసినవాళ్లని చూశాను. కాళ్లుంటేనే పిడుదు. తీసినవాటిని గోటితో నలపకండి, కింద వేసి చెప్పుతో తొక్కకండి, దాని లోపలి రసంలోనే రోగం ఉంటుంది. ఒక పాత సీసాలో సబ్బు నీళ్లో స్పిరిటో పోసి అందులో వేసి మూత పెట్టండి. అగ్గిపుల్లతో కాల్చడం, పెట్రోల్ చుక్క వేయడం వల్ల అది ఊడే ముందు కడుపులోది కుక్క ఒంట్లోకి కక్కే ప్రమాదముంది. అంతా అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక ఇల్లు. కుక్క పడుకునే చోటు నుంచి మొదలుపెట్టి బయటకి వెళ్లండి. గోనె సంచి, పాత చీర పరుపు లాంటివి చవకవైతే తగలబెట్టేయండి, దుప్పట్లయితే మరిగే నీళ్లలో నానబెట్టి ఎర్రటి ఎండలో ఆరేయండి. పిడుదుకి పైకెక్కే గుణం ఉంది, కాబట్టి నేల కడిగితే సరిపోదు. గుమ్మం చెక్కకీ గోడకీ మధ్య సందు, టైల్స్ అతుకులు, కరెంటు స్విచ్ బోర్డు అంచులు, ఫోటోలూ క్యాలెండర్ల వెనక, నవారు మంచం ముడులు, కుండీల కింద, కెన్నెల్ పైకప్పు మూలలు. పగటిపూట కాదు, రాత్రి పది దాటాక టార్చి వేసి చూడండి, ఎక్కడ దాక్కుంటున్నాయో దొరుకుతుంది. వాక్యూమ్ క్లీనర్ ఉంటే సందులన్నీ లాగి, ఆ సంచి వెంటనే మూతి కట్టి బయట పారేయండి. తర్వాత ఇంట్లో కొట్టడానికని అమ్మే డెల్టామెత్రినో సైపర్‌మెత్రినో డబ్బా మీద చెప్పినంత కలిపి ఆ సందుల్లోకి కొట్టండి. అప్పుడు కుక్క, పిల్లి, పిల్లలు బయట ఉండాలి, చేపల తొట్టి ఉంటే ఇంకా జాగ్రత్త, ఈ మందులు చేపల్ని ఇట్టే చంపేస్తాయి. పూర్తిగా ఆరాకే లోపలికి రానివ్వండి. గుడ్ల మీద మందు సరిగ్గా పని చేయదు, అవి పొదగడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకే రెండు మూడు వారాలకోసారి చొప్పున మూడు నాలుగు విడతలు కొట్టాలి. మధ్యలో ఒక వారం గోడలు శుభ్రంగా కనపడతాయి, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపొద్దు. ఆ పగుళ్లకి సిమెంటో లప్పమో పెట్టి పూడ్చేస్తే సగం పని శాశ్వతంగా తప్పుతుంది. మా క్యాలెండర్ మేకు గుంట కూడా అలాగే పూడ్చాను.

ఇలా ఒంటికీ ఇంటికీ కలిపి చేస్తే ఎంత తేడా ఉంటుందో అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో చూశారు. అక్కడ ఆదివాసీ తెగల ఊళ్లలో 2003 నుంచి రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరం మనుషులకి, అందులోనూ పిల్లలకి రావడం మొదలైంది. మోసుకొచ్చింది మరేదో కాదు, మన కుక్కల మీద ఉండే ఈ గోధుమ రంగు పిడుదే. 2012లో ఒక ఊళ్లో కుక్కలన్నిటికీ మందు కాలర్లు కట్టి, ఇళ్ల చుట్టూ నెలనెలా మందు కొట్టారు. నాలుగు నెలలకి ఆ ఊళ్లో పిడుదులున్న కుక్క నూటికి ఒకటి కూడా లేదు, ఇవేమీ చేయని పక్క ఊళ్లో 64 శాతం కుక్కల మీద ఉన్నాయి. ఇరాన్‌లో కుక్కల నుంచి ఇసుక ఈగల ద్వారా మనుషులకొచ్చే కాలా అజార్ జ్వరం మీద కూడా కాలర్ల దారే పట్టారు, కుక్కలకి డెల్టామెత్రిన్ కాలర్లు కట్టిన ఊళ్లలో పిల్లలకి ఆ క్రిమి సోకడం నలభై శాతానికి పైగా తగ్గిందని 2002లో ప్రకటించారు. మన దేశంలో కాలా అజార్ బీహార్ వైపు ఎక్కువ, అదీ ఈగ ద్వారా మనిషి నుంచి మనిషికే వెళ్తుంది, కుక్కకి సంబంధం లేదు, కాబట్టి ఆ భయంతో ఇక్కడ కాలర్ కొనక్కర్లేదు. మనకి కావాల్సింది పిడుదుల కోసమే. ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం మన దగ్గరా ఉంది, కుక్క పిడుదే మోస్తుంది. ఇంట్లో ఎవరికైనా గట్టి జ్వరం, తలనొప్పి, ఒంటి మీద ఎర్ర మచ్చలు వస్తే మా ఇంట్లో కుక్క ఉంది, పిడుదులున్నాయి అని డాక్టర్‌కి మీరే చెప్పండి, వాళ్లు అడిగే దాకా చూడకండి.

కుక్కకి జబ్బు వచ్చిందని తెలిసేది ఎలా అంటే, ముందు తిండి మానేస్తుంది, జ్వరం, నీరసం, పిలిస్తే తోక ఊపి మళ్లీ పడుకోవడం. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, గులాబీ రంగు పోయి పాలిపోయి ఉంటే, పొట్ట కింద ఎర్ర చుక్కలుంటే, ముక్కులోంచి రక్తం వస్తే, మూత్రం డికాషన్ రంగులో ఉంటే ఆ పూటే తీసుకెళ్లండి. మూత్రం రంగు మారితే బబీసియా కావచ్చు, అది పిడుదు మోసే ఇంకో రోగం, దానికి మందు వేరు, అందుకే రక్త పరీక్ష చేయకుండా అంచనాతో డాక్సీసైక్లిన్ మొదలుపెట్టొద్దు. జ్వరమే కదా అని మనుషుల పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రలు అస్సలు వేయకండి. మొదలుపెట్టిన కోర్సు పూర్తిగా వాడండి, నల్లోడు అయిదో రోజుకే లేచి తిరిగాడు, అయినా 28 రోజులూ వేశాం.

తేదీలు రాసుకోవడం మర్చిపోకండి. ఫ్రిజ్ మీద కాగితం అంటించండి, ఫోన్‌లో అలారం పెట్టండి, మీ ఇష్టం. కుక్కకి వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ, ఇల్లు కొట్టిన తేదీ. వానాకాలం అయిపోయింది కదా అని వదలొద్దు, మన వేడికి ఏడాది పొడవునా పిడుదులుంటాయి.

చివరగా వీధి కుక్కలు. మీ కుక్కకి ఎంత చేసినా, గేటు బయట పడుకునే కుక్కల మీద పిడుదులుంటే అవి గోడెక్కి లోపలికొస్తాయి. ఆ కుక్కల్ని పట్టుకుని కడగలేం, చుక్కలు వేయనివ్వవు, కాలర్ కడితే పోగొట్టుకుంటాయి. వాటికి సరిపడేది మాత్రే. మీరు రోజూ అన్నం పెట్టే కుక్క అయితే, మన ఊర కుక్కలు మామూలుగా పదిహేను ఇరవై కిలోల మధ్య ఉంటాయి, డాక్టర్‌కి ఫోన్‌లో ఫోటో చూపించి బరువు అంచనా వేయించుకుని దానికి తగ్గ ఫ్లూరలానర్ మాత్ర తీసుకోండి. పాలిచ్చే తల్లులకీ, చిన్న పిల్లలకీ వేయకండి. మాత్ర ఖరీదే, వీధిలో నలుగురు కలిసి వేసుకుంటే ఒక్కొక్కరికి పెద్ద భారం కాదు, మా వీధిలో అలాగే చేస్తున్నాం, మూడు నెలలకోసారి అయిదు కుక్కలకి. ఉడికిన గుడ్డు మధ్యలో మాత్ర దూర్చి, ముందు ఖాళీ గుడ్డు ముక్క ఒకటి పెట్టి, రెండోదిగా మాత్రున్న ముక్క, వెంటనే మూడో ముక్క చూపించండి, మూడోది కావాలన్న తొందరలో రెండోది నమలకుండా మింగేస్తుంది. పక్క కుక్క లాక్కోకుండా ఒకరు అడ్డం నిలబడాలి. మింగిందో లేదో చూసే దాకా అక్కడి నుంచి కదలకండి, కొన్ని బుగ్గన పెట్టుకుని పది అడుగులు వెళ్లాక ఉమ్మేస్తాయి.